బంటు

సాఫ్ట్‌బాల్ అని పేరేగానీ అది మెత్తటి బంతి కాదు. పన్నెండు అంగుళాల చుట్టుకొలత, రెండొందల గ్రాములకు కాస్త తక్కువ బరువు. మోకాటి చిప్పకు తగిలితే రెండు రోజులు కుంటాల్సిందే. ఎనిమిదో తరగతిలో నేను మొదటిసారి ఆ బంతిని ఇంటికి తెచ్చినప్పుడు మా నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి, కుట్టు మీద బొటనవేలితో రాసి చూసి, 'రెండు సూదుల కుట్టురా ఇది. ఎవురో మనోళ్ళే కుట్టినారు' అన్నాడు. గూడూరు బస్టాండు దగ్గర చెట్టుకింద చెప్పులు కుట్టేవాడు మా నాయిన. బంతిని రెండు సూదులతోనే కుట్టాలని ఆట నిబంధనల పుస్తకంలో రాసుందని నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలీదు. మా నాయినకి ఏ పుస్తకమూ లేకుండానే తెలుసు.

నేనిప్పుడు సర్కారు బళ్ళో లెక్కల పంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. మా వాడలో వాళ్ళు నన్ను చూపించి పిల్లలకు బుద్ధులు చెప్తారు. సాఫ్ట్‌బాల్ గురించి నేను రాస్తానంటే మిత్రులు నవ్వారు. భూమి గురించి రాయి, బావి గురించి రాయి, ఆటేందిరా అన్నారు. కానీ నా బతుకులో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వని ప్రశ్న బావి దగ్గర పుట్టలేదు. ఆట స్థలంలో పుట్టింది.

2002 నాటి మాట. గూడూరు అప్పుడు నెల్లూరు జిల్లా. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు తిరుపతిలో కలిపారు. జిల్లా మారిందిగానీ మా మాదిగపల్లె ఉన్నచోటనే ఉంది. ఊళ్ళో పిల్లలందరిదీ క్రికెట్టే. సొంత బ్యాటు ఉన్నోడే కెప్టెను. బ్యాటు లేనోళ్ళం మేం, ముళ్ళకంపలోకి పోయిన బంతి తెచ్చిచ్చేవాళ్ళం. ఆ సంవత్సరం మా హైస్కూలుకి సాఫ్ట్‌బాల్ సామాను వచ్చింది. ఒక అల్యూమినియం బ్యాటు, నాలుగు బంతులు, ఆరు గ్లౌజులు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో ఆ ఆట ఉంది కాబట్టి మా డ్రిల్లు సారుకి ఒక టీము కావాలి. క్రికెట్టు ఆడేవాళ్ళు దాని మొహం చూళ్ళేదు. అట్లా మా వాడ పిల్లలం ఐదుగురం టీములోకొచ్చాం. ఎవరికీ అక్కర్లేనిది మాకు దక్కింది. మాకు దక్కేవన్నీ మొదట అట్లాంటివే. సర్టిఫికెట్టుకి స్పోర్ట్స్ కోటాలో విలువుందని తెలిసిన రెండో ఏడు ఊళ్ళో పిల్లలూ వచ్చారు.

ఈ ఆట 1887లో అమెరికాలోని షికాగోలో, నాలుగ్గోడల మధ్య పుట్టింది. బాక్సింగ్ గ్లౌజుని చుట్టి కట్టి బంతి చేశారు, చీపురు కర్రని బ్యాటు చేశారు. చీపురుకర్ర చేతికిచ్చి ఊడ్వమనకుండా ఆడమన్న సందర్భం ఒకటుందని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది.

గ్లౌజులు ఆర్నెల్లకే విచ్చిపోయాయి. మా నాయిన ఆరె తీసుకుని, దారానికి మైనం పట్టించి నాలుగింటిని కుట్టిచ్చాడు. కూలి అడగలా. సారు ఇవ్వలా. కుట్టిచ్చిన మర్నాడు ఒక పిల్లోడు గ్లౌజు ముక్కు దగ్గర పెట్టుకుని 'వాసనొస్తా ఉందిరా' అన్నాడు. అంతకుముందు ఆర్నెల్లు వాడు తొడుక్కున్నదీ తోలే. ఆ తోలు వాసన మా నాయిన చెయ్యి పడ్డాకనే వాడికి వచ్చింది.

అయినా ఆ ఆటంటే నాకు పిచ్చి. ఎందుకో చెప్తాను. మా పల్లెలో 'తాకొద్దు' అనే మాట వినని రోజు లేదు. హోటల్లో గ్లాసు తాకొద్దు, గుడి అరుగు తాకొద్దు. ఈ ఆటలో బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి తాకాలి. తాకితే వాడు అవుట్. రెండో బేస్ దగ్గర నేను ఊరి పిల్లల్ని ఎంతమందిని తాకానో! దుమ్ములో జారుకుంటా వచ్చేవాడి భుజం మీద గ్లౌజుతో ఒక్క చరుపు చరిస్తే, అంపైరు చెయ్యెత్తితే, వాడు తలొంచుకుని పక్కకు పోవాల్సిందే. స్నానం చేసి రాడానికి కాదు, అవుటయ్యాడు కాబట్టి. ఆ సంతోషం చిన్నది కాదు. రెండు గంటల సమానత్వం అబద్ధం అనేవాళ్ళున్నారు. ఆ రెండు గంటలు ఎప్పుడూ చూడనివాళ్ళే ఆ మాట అంటారని నా అనుమానం.

ఇక అసలు సంగతి.

ఈ ఆటలో బ్యాటు ఊపి కొట్టకుండా, అడ్డంగా పట్టుకుని బంతి దానికి తగిలి ముందరే పడేట్టు చేసే విద్య ఒకటుంది. దాన్ని బంట్ అంటారు. మేం 'బంటు' అనేవాళ్ళం. ఒకటో బేస్ మీద మనవాడు ఉన్నాడనుకోండి. నువ్వు బంటు పెడితే ఎదుటివాళ్ళు ముందుకు ఉరికొచ్చి బంతి తీసుకుని నిన్ను అవుట్ చేస్తారు. ఈలోపల మనవాడు రెండో బేస్‌కి చేరతాడు. నువ్వు పోతావు, వాడు ముందుకు పోతాడు. దీన్ని శాక్రిఫైస్ అంటారు. మా డ్రిల్లు సారు బోర్డు మీద గీసి చూపించి, 'అంటే త్యాగంరా. టీము కోసం త్యాగం' అన్నాడు.

మొదటిసారి సారు నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, 'ఏరా, చేస్తావుగా?' అన్నాడు. తల ఊపాను. బంతిని నేల మీదికి ఎంత మెత్తగా దించానంటే ఎదుటి పిచ్చర్ దాన్ని వెతుక్కోవాల్సొచ్చింది. నేను అవుట్. మా వాడు ముందుకెళ్ళాడు, తర్వాత హోం చేరాడు, గెలిచాం. టీమంతా నా వీపు మీద కొట్టారు. ఊరి పిల్లలు కూడా. నన్ను తిట్టడానికి కాకుండా, మెచ్చుకోడానికి నా వొంటి మీద పడ్డ ఊరి చేతులు అవే మొదలు. ఆ రాత్రి వీపు తడుముకుంటా పడుకున్నాను. ఇది దాచను. త్యాగంలో నిజంగా సుఖం ఉంది. లేకపోతే ఇంతమందిని ఇన్నేళ్ళు దాంతో మోసం చెయ్యడం ఎవడి వల్లా కాదు.

రెండోసారీ నన్నే అడిగాడు. మూడోసారి అడగలేదు, చెవి పట్టుకుని సైగ చేశాడు. ఆ తర్వాత అదే అలవాటైంది. పదో తరగతి సంవత్సరం నేను పందొమ్మిదిసార్లు బ్యాటు పట్టుకుంటే పదకొండుసార్లు బంటే. బాగా చేస్తాడు కాబట్టి చేయిస్తున్నానని సారు అనేవాడు. అది అబద్ధం కాదు. బాగా మోస్తాడు కాబట్టి మోయిస్తున్నాం అనే మాట కూడా అబద్ధం కాదుగదా. ఊరి పిల్లోళ్ళలో ఇద్దరు కొట్టినా బంతి పిచ్చర్ దాకా పోయేది కాదు. వాళ్ళను ఎప్పుడూ బంటు అడగలా. 'వాళ్ళ చెయ్యి ఊపుకి అలవాటురా' అనేవాడు.

స్కోరుబుక్కులో ఒక విచిత్రం ఉంది. అవుటైతే నీ వంతు లెక్కలో పడుతుంది, నీ సగటు తగ్గుతుంది. త్యాగం చేసి అవుటైతే మాత్రం అది వంతే కాదు. నువ్వు బ్యాటింగ్ చేసినట్టే లెక్క రాయరు. త్యాగం చేసినవాడికి నష్టం రాకూడదని పెట్టిన నియమం అది. మంచి ఉద్దేశమే. కానీ జిల్లా ఎంపికలకు నెల్లూరు పోయినప్పుడు బల్ల వెనక కూర్చున్న పెద్దమనుషులు స్కోరుబుక్కు తిరగేసి, 'ఈ పిల్లోడు కొట్టిందేం లేదే' అన్నారు. ఓడిందీ లేదు, కొట్టిందీ లేదు. నా పదకొండు వంతులూ నష్టం లేకుండా మాయమైపోయాయి. నేను బంటు పెట్టి ముందుకు పంపినవాడు జిల్లా టీముకి ఎంపికయ్యాడు. వాడు చెడ్డవాడేం కాదు. ఇప్పుడు గూడూరు నిమ్మకాయల మార్కెట్‌లో కొట్టు నడుపుతున్నాడు. కనబడితే టీ తాగుదాం రమ్మంటాడు. 'నువ్వు లేకుంటే నాకా సర్టిఫికెట్టు యాడిదిరా' అని మనస్ఫూర్తిగానే అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా టీ గొంతు దిగదు.

ఎంపిక కాకుండా ఇంటికొచ్చిన రాత్రి మా అవ్వ అడిగింది ఏం జరిగిందని. అవ్వ వయసులో ఉన్నప్పుడు అభ్రకం రేకులు చీల్చే పనికి పోయేది. ఆ పనితో చేతివేళ్ళ చివర్లు అద్దాల్లా నున్నగా అయిపోయాయి. ఆటంతా చెప్పాను. త్యాగం అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, 'జాతరలో మేకను చూసినావా అబ్బయా? దాని చెవుల్లో, వీపు మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు ఇదిలిస్తే ఒప్పుకునిందంటారు. నీళ్ళు పోస్తే నువ్వయినా ఇదిలిస్తావు' అంది.

ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. త్యాగమూ శాక్రిఫైసే, బలీ శాక్రిఫైసే. మనకు రెండు మాటలున్నాయి. తన దగ్గరున్నది తానే ఇస్తే త్యాగం. ఒకణ్ణి ఇంకొకడు ఇచ్చేస్తే బలి. బయట నుంచి చూసేవాడికి రెంటికీ తేడా ఏం కనపడదు, రెంట్లోనూ ఒకడు పోతాడు, ఇంకొకడు బాగుపడతాడు. తేడా అంతా ఎవడు నిర్ణయించాడన్న దాంట్లోనే ఉంది. మరి నేను తల ఊపానే? ఊపింది నేనేగదా? ఇదే నన్ను తొలిచే ప్రశ్న. కాదనగలిగినవాడు ఊపిన తలకే విలువ. కాదంటే టీములో చోటుండదని తెలిసిన మాదిగ పిల్లోడు ఊపిన తల ఒప్పుకోడమా, నీళ్ళు విదిలించుకోడమా? బంటు అంటే తెలుగులో ఏమని అర్థమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఏకలవ్యుడి బొటనవేలు గురించి మనవాళ్ళు చాలా రాశారు, నేను మళ్ళీ రాయను. తిరుపతిలో చదివేటప్పుడు లైబ్రరీలో పల్వంకర్ బాలూ కథ చదివాను. ధార్వాడలో 1876లో పుట్టిన చమార్ పిల్లవాడు. పూనాలో దొరల క్లబ్బులో పిచ్ చదును చేసేవాడు. జె.జి. గ్రెగ్ అనే దొర వందల గంటలు ఆయనతో బౌలింగ్ చేయించుకున్నాడు, ఒక్కసారి బ్యాటు చేతికివ్వలేదు. హిందువుల టీము ఆయన్ని తీసుకుంది, మైదానంలో బంతి పంచుకుంది, టీ మాత్రం బయట మట్టిపాత్రలో పోసింది. 1911లో ఇంగ్లండు వెళ్ళి వందకుపైగా వికెట్లు తీశాడు. అయినా కెప్టెన్ని చెయ్యలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కి దక్కింది ఆ పదవి. (1937 ఎన్నికల్లో ఈ బాలూయే కాంగ్రెసు తరఫున అంబేద్కర్ మీద నిలబడి ఓడిపోయాడు. అది వేరే కథ, దానిమీదా ఎవరైనా రాయాలి.)

బాలూ కథ నాకు కొత్తగా అనిపించలేదు. నన్ను ఆపింది జాకీ రాబిన్సన్. సాఫ్ట్‌బాల్‌కి అన్నలాంటిది బేస్‌బాల్. అమెరికా పెద్ద లీగుల్లో అరవై ఏళ్ళకుపైగా నల్లవాళ్ళను ఆడనివ్వలేదు. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున ఆ గీత దాటాడు. తిట్టినా, ఉమ్మినా తిరగబడనని టీము పెద్ద బ్రాంచ్ రికీ ఆయన దగ్గర ముందే మాట తీసుకున్నాడు. ఆ ఏడాది నేషనల్ లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ శాక్రిఫైస్ బంట్‌లు పెట్టింది ఎవరో తెలుసా? ఆయనే. ఇరవై ఎనిమిది. ఆ అంకె చదివి పుస్తకం మూసి బయటికొచ్చాను. ఆ గడప దాటిన మొదటి నల్లవాడే లీగంతటిలో ఎక్కువ త్యాగాలు చేసినవాడు కూడా! కొన్నాళ్ళకి ఇంకో సంగతి తెలిసింది. అదే ఏడు అందరికంటే ఎక్కువ బేస్‌లు దొంగిలించిందీ ఆయనే, ఇరవై తొమ్మిది. బేస్ దొంగిలించడమంటే ఎవడూ నిన్ను ముందుకు పంపకుండా నీ కాళ్ళతో నువ్వు పోవడం. ఆయన బంటు పెట్టి, ఎదుటివాళ్ళు బంతి తీసేలోపల తానే ఒకటో బేస్ చేరడంలోనూ మొనగాడు. కర్ర పట్టుకునే తీరు ఒకటే. ఒకటి ఇంకొకడి కోసం, ఒకటి తన కోసం. ఈ రెండో రకం ఉందని మా డ్రిల్లు సారు మాకెప్పుడూ చెప్పలేదు. ఆయనకూ తెలీదేమో.

ఇదంతా ఉద్యమాలు చేసే మీకెందుకు చెప్తున్నానంటే, మనమూ పిల్లల్ని త్యాగం అడుగుతాం. కారంచేడు 1985, చుండూరు 1991. ఆ పేర్లు చెప్పి పాట పాడి అడుగుతాం. అడగొద్దని నేననను. టీము ఆటలో ఎవరో ఒకరు బంటు పెట్టాల్సిందే. ఎప్పుడూ ఎవరు అన్నదే నా ప్రశ్న. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మోగినప్పుడు నాకు ఐదేళ్ళు. వర్గీకరణ అడిగిన మా మాదిగోళ్ళతో, ఐక్యత కోసం ఓర్చుకోండి అన్నవాళ్ళు మన శిబిరంలోనే ఉన్నారు. ఇంకొకరి కోసం ఇంకెన్నాళ్ళు ఓర్చుకోవాలని మావాళ్ళు అడిగారు. సుప్రీంకోర్టు 2004లో కాదంది, 2024 ఆగస్టు 1న చెల్లుతుందంది. ముప్పయ్యేళ్ళు. ఆ ప్రశ్న అడిగినందుకు నేను గర్వపడతాను.

అదే ప్రశ్నను మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

మా అక్క ఏడో తరగతితో బడి మానేసింది. నా కంటే బాగా చదివేది, ముఖ్యంగా లెక్కలు. ఆ ఏడు నాయిన చెయ్యి పుండుపడి రెండు నెలలు పని లేదు. ఇద్దరం చదవడం కాదని ఇంట్లో అనుకున్నారు. అనుకున్నారు అంటే నాయిన అన్నాడు, అమ్మ ఊరుకుంది. అక్కని పిలిచి 'ఏమ్మా, తమ్ముడు చదువుకోనీ' అన్నారు. అక్క తల ఊపింది. నిమ్మతోటల్లో కాయకోతకు పోయింది. నిమ్మముళ్ళు గీరుకుని ఆమె మోచేతుల దాకా తెల్లటి గీతలుండేవి. నా పదో తరగతి పరీక్ష ఫీజు, తిరుపతిలో నా మెస్ బిల్లు, నా బీఎడ్ అన్నీ ఆ గీతల్లోంచి వచ్చినవే. పదకొండు బంటుల లెక్క నేను గుర్తుపెట్టుకున్నాను. అక్కవి ఎన్నో నాకు తెలీదు. నేను ఒకటో బేస్ నుంచి హోం దాకా పరిగెత్తుతా ఉన్నానేగానీ, నన్ను ముందుకు పంపినవాళ్ళ వైపు వెనక్కి తిరిగి చూడలా. 'నువ్వు లేకుంటే నాకా ఉద్యోగం యాడిదక్కా' అని ఒకసారి అన్నాను, మనస్ఫూర్తిగానే. ఆమె చేటలో బియ్యం చెరుగుతా, 'సరేలే, అన్నం తిను' అంది. నిమ్మకాయల కొట్టువాడి మాట నాకెట్లా ఉంటుందో ఆమెకూ అట్లాగే ఉండుంటుందని నాకు అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు గూడూరుకు దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. సాఫ్ట్‌బాల్ ఆడినవాణ్ణి కాబట్టి సాయంత్రాలు ఆడపిల్లల టీముని నేను చూసుకుంటాను. టీములో యానాది కాలనీ నుంచి వచ్చే పిల్ల ఒకతి ఉంది. తొమ్మిదో తరగతి. వాళ్ళ ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషి. మెరుపులా పరిగెత్తుతుంది, బంటు పెట్టిందంటే బంతి పెంకుమీద నీటిబొట్టులా ఆగిపోతుంది. నేర్పింది నేనే.

మొదటి పోటీలో ఆఖరి ఇన్నింగ్స్, స్కోరు సమానం, ఎవరూ అవుట్ కాలేదు, రెండో బేస్ మీద మా పిల్ల. ఈ పిల్ల బ్యాటింగ్‌కి వచ్చింది. నేను చెవి పట్టుకున్నాను. చెవే ఎందుకు పట్టుకున్నానంటే నాకు తెలిసిన సైగ అదొక్కటే. తల ఊపింది. బంటు పెట్టి అవుటైంది. తర్వాతి పిల్ల కొట్టిన బంతికి రన్నర్ హోం చేరింది, గెలిచాం. పిల్లలంతా హోం చేరినదాన్ని ఎత్తుకున్నారు. ఈ పిల్ల బ్యాటుని గోడకు ఆనించి నిలబడింది. నేను పోయి వీపు మీద తట్టాను.

వారం తర్వాత రెండో పోటీ. ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. ఒకటో బేస్ మీద మాల పిల్ల, ఎవరూ అవుట్ కాలేదు. మళ్ళీ ఇదే పిల్ల. మళ్ళీ చెవి పట్టుకున్నాను. నా వైపు చూసింది. తల ఊపలేదు. బంతి రాగానే బలమంతా పెట్టి ఊపింది. ఎంత ఎత్తు పోయిందో ఆ బంతి! నేనూ లేచి నిలబడ్డాను. మధ్యలో ఉన్న ఎదుటి పిల్ల వెనక్కి పరిగెత్తి పట్టేసింది. బంటు వస్తుందని నమ్మి రెండో బేస్ వైపు ఉరికిన మా రన్నర్ వెనక్కి తిరిగేసరికి బంతి ఒకటో బేస్ చేరింది. ఆమె కూడా అవుట్. చివరికి ఓడిపోయాం.

రన్నర్ పిల్ల ఏడ్చింది. 'సార్ సైగ చూసే పరిగెత్తినాను. నీ ఇష్టం వచ్చినట్టు కొట్టుకుంటే నా గతేంది?' అని దాన్ని కడిగేసింది. ఆ మాటా న్యాయమే. ఒకరు కాదంటే దానికి మూల్యం సారు కట్టడు, పక్కనున్న ఇంకో బీదపిల్ల కడుతుంది. దీనికి జవాబు నా దగ్గర లేదు. రాబిన్సన్ దగ్గరా లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో యానాది పిల్ల నా ముందు సీట్లో కూర్చుంది. 'ఎందుకు కొట్టావమ్మా? సైగ చూడలేదా?' అన్నాను.

'చూసినాను సార్.'

'మరి?'

కిటికీలోంచి చూస్తా ఉండిపోయింది. పంబలేరు దాటాక ఇటు తిరిగి, 'మీరు నన్ను అడగలా సార్. చెప్పినారు' అంది.

'మొన్న తల ఊపినావు గదా?'

'మీరు సార్ గదా.'

ఇంటికొచ్చేసరికి ఎనిమిదైంది. అక్క వచ్చి ఉంది, కూతురి ఇంటర్ ఫీజు సంగతి మాట్లాడడానికి. ఆమెకి మంచినీళ్ళిచ్చి, ఆమె ఎదురుగానే కూర్చుని స్కోరుబుక్కు తీశాను. ఆ పిల్ల పేరుకెదురుగా మొన్నటి గడిలో త్యాగం గుర్తు ఉంది, వంతుల లెక్కలో సున్నా. ఈ రోజు గడిలో సెంటర్‌లో క్యాచ్ అవుట్ అని రాశాను. వంతుల లెక్కలో ఒకటి వేశాను. అక్క మెడ సాచి చూసి, 'ఏందిరా అది, మార్కులా?' అనింది.